ఇరవై ఎనిమిది తుపాకులు

దక్షిణాది రాష్ట్రాలు తిరగబడ్డాయని దేశాధ్యక్షుడు డెబ్భై అయిదు వేల మందిని యుద్ధానికి పిలిచాడు. ఆ లెక్కలో మేం లేమన్న సంగతి నాకు టౌన్‌హాలు మెట్ల దగ్గర తెలిసింది.

మంగళవారం పొద్దున పేపర్లో పిలుపు చదివాను. కత్తెర పక్కన పడేసి, నా క్షౌరశాల మూసి, మావాళ్ళను పోగు చేశాను. ఇరవై ఎనిమిది మంది నల్లవాళ్ళం. ఒహాయో నదికి ఇవతల మేం స్వతంత్రులం. అవతల కెంటకీలో మేం అమ్ముడుపోయే సరుకు. రెండేళ్ళ కిందట ముసలి మింగో కూతురు బట్టలారేస్తుంటే, బానిసగా అమ్ముకోడానికి కెంటకీవాళ్ళు పట్టపగలే పడవలో వేసుకుపోయారు. ఆ వారమే తుపాకులు కొన్నాం. చర్చి వెనక కవాతు మొదలుపెట్టాం. ఆ పడవ మళ్ళీ ఇటు రాలేదు.

బుధవారం హాలు ముందు వరసగా నిలబడ్డాం. ట్రింబుల్ మెట్ల మీదికొచ్చాడు. మిలీషియాలో, అంటే ఊరివాళ్ళ దళంలో, కెప్టెన్‌ను సిపాయిలే ఎన్నుకుంటారు. ఈయన ముందురోజు రెండు పీపాల విస్కీ పోయించి గెలిచాడు. వెనక వందమంది తెల్లవాళ్ళు, తుపాకుల్లేక చేతుల్లో చీపురు కర్రలు.

"ఏరా ఓబెడ్, నా ఒక్క గడ్డానికి ఇంతమందా?"

వెనక నవ్వులు.

"సైన్యంలో చేరడానికొచ్చామండీ."

"చట్టం తెల్లవాళ్ళనే తీసుకోమంది. ఇది తెల్లవాళ్ళ యుద్ధం. పొండి."

వెనక్కి తిరగబోయాం.

"ఆగండాగండి! తుపాకులు అక్కడ పెట్టి పొండి. మావాళ్ళకి కావాలి."

నా ఒళ్ళు మండింది. "అలాగని ఆజ్ఞ ఏదైనా ఉందాండీ?"

"నేను చెప్పానుగా, అదే ఆజ్ఞ."

మింగో ముందుకొచ్చాడు. "మేం పనికిరాంగానీ మా తుపాకులు పనికొస్తాయా బాబూ? సరిగ్గా చూడండి, అవీ నల్లగానే ఉన్నాయి."

ఈసారి ట్రింబుల్ వెనక ఒకరిద్దరు నవ్వారు. అతని మొహం కందగడ్డయింది. "చూస్తారేంరా? లాక్కోండి!"

పదిమంది మెట్లు దిగారు.

"తుపాకులు నింపండి!" అని అరిచాను.

మందు దట్టించే కడ్డీలు ఇరవై ఎనిమిదీ ఒక్కసారిగా తుపాకీ గొట్టాల్లోకి దిగాయి. ఒకే చప్పుడు. మెట్లు దిగినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు.

"ఇది తిరుగుబాటు! ఉరి తీయిస్తాను!"

"తిరుగుబాటు చేసినవాళ్ళు దక్షిణాన ఉన్నారండీ. వాళ్ళమీదికి పోతామనే కదా వచ్చాం. రోజూ మీ గొంతుమీద కత్తి పెడుతున్నాను, నా చెయ్యి ఏనాడైనా వణికిందా? వీటిని లాక్కోవాలంటే మీరే దిగండి. మొదటి తుపాకీ నాదే."

ట్రింబుల్ దిగలేదు. మెట్ల మీద ఎవరూ కదల్లేదు.

వాళ్ళకు వీపులు చూపించి, అడుగు తప్పకుండా నడుచుకుంటూ వచ్చేశాం. వీధి మలుపు దాటేదాకా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు బ్యాండుమేళంతో, పూలదండలతో వాళ్ళను రైలెక్కించారు. చేతుల్లో అవే కర్రలు. అవతలి నుంచి పడవలొస్తాయని నేను నది రేవు దగ్గర నలుగురు చొప్పున కాపలా వేశాను. మమ్మల్ని పనికిరారని తరిమిన ఆ వందమంది తాలూకు పెళ్ళాం పిల్లలు ఇవాళ ఆ కాపలా వెనకే నిద్రపోతున్నారు.