సారంలో సున్నా

చెల్లెలు పోయాక పెద్దమ్మకు మిగిలింది ఒక సీసా. బేకరీ నడిపినన్నాళ్ళూ చెల్లెలు వెనిల్లా కాయలు నానబెట్టి, కేకుల్లోకి సారం తనే తయారు చేసుకునేది. అందులో ఇది ఆఖరిది. దాన్ని కాపాడే పని పెద్దమ్మ తన నెత్తిన వేసుకుంది. కాపాడటమంటే ఆవిడ దృష్టిలో ఫ్రిజ్‌లో పెట్టడమే. మాత్రలు, గొలుసు, ఇంటి తాళాల గుత్తి, అన్నీ అందులోనే. "నన్ను కూడా ఓ మూల సర్దెయ్, పాడవకుండా ఉంటాను," అంటాడు పెద్దనాన్న.

ఆ బేకరీని చెల్లెలి కూతురు రేపు మళ్ళీ తెరుస్తోంది. మొదటి కేకులో అమ్మ చేతి సారమే పడాలని దాని పట్టుదల. సీసా కోసం వస్తున్నానంది.

పెద్దమ్మ సీసా బయటికి తీసింది. లోపల మబ్బు పట్టినట్టుంది, అడుగున మడ్డి. మూత తీస్తే గుప్పుమని ఘాటు. కళ్ళద్దాలు సవరించుకుని చీటీ చదివింది: 'వెనిల్లా సార'. పొట్లాల కాగితాలు కూడా వదలకుండా చదివి చదువుకున్న మనిషి కనుక, సార అంటే సారాయేనని ఇట్టే తేల్చేసింది. పండ్ల రసం పులిసినట్టు ఇదీ పులిసింది. ఇలా జరుగుతుందని చెల్లెలికి ముందే తెలుసు. అందుకే చీటీ మీద హెచ్చరిక. తను చూస్తూ చూస్తూ చెల్లెలి ఆఖరి గుర్తును కల్లుకుండ చేసిపెట్టింది.

అమ్మాయి రాగానే కుర్చీ చూపించింది. "కూర్చోవే. గుండె దిటవు చేసుకో."

"ఎవరికేమైంది, పెద్దమ్మా?"

"మీ అమ్మ సీసా సారా అయిపోయింది."

అమ్మాయి వాసన చూసి, చీటీ చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. "ఇది మొదటి నుంచీ సారాయే. కాయలు నానబెట్టేది అందులోనే. అందుకే ఏళ్ళు గడిచినా చెడదు. చీటీ మీద 'సారం'లో సున్నా చెమ్మకు చెరిగింది, అంతే."

"మరి ఆ మబ్బు?"

"నీ ఫ్రిజ్ చలికి. వెలుగు తగలని అలమరలో పడేస్తే చాలు దీనికి."

"అయితే మీ అమ్మ కేకుల్లో..."

"నువ్వు అడిగి మరీ రెండో ముక్క తినేదానివి."

పెద్దనాన్న పేపరు చాటున దగ్గాడు.

అమ్మాయి సీసా వెలుగుకు పట్టింది. "ఇంత తగ్గిందేంటి? వాడావా?"

"చుక్క కూడా ముట్టలేదు." పెద్దమ్మ కొంగు అంచు సరిచేసుకుంది. "మూత తీసి వాసన చూసేదాన్ని. రోజూ, కళ్ళు మూసుకుని. ఘాటని ఎప్పుడూ అనిపించలేదు. మీ అమ్మ వంటగదిలో నిలబడ్డట్టుండేది."

"తీసినప్పుడల్లా కొంత ఎగిరిపోతుంది, పెద్దమ్మా. దీనికి చెడటమంటే అదే." అమ్మాయి గొంతు తగ్గింది. "పోనీ, సగం నీకు ఉంచనా?"

ఉంచమనే అనబోయింది పెద్దమ్మ. నోరు కూడా తెరిచింది.

"నా కాపలా ఎలాంటిదో చూశావుగా. మొత్తం పట్టుకెళ్ళు. మూత బిగించావా?"

"బిగించాను."

"ఏదీ, ఇటివ్వు."

సీసా అందుకుంది. మూత మీద వేళ్ళు బిగుసుకున్నాయి. అమ్మాయి చూపు తిప్పుకుంది. పెద్దమ్మ మూతను ఇంకొక్క తిప్పు బిగించి, సీసా అమ్మాయి చేతిలో పెట్టింది.