ఎనిమిది నిమిషాల్లో పంపిన ఫైలు

కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసే ఆ వర్క్‌షాపులో నలభై ముగ్గురు పనిచేస్తారు. వాళ్ళ జీతాలు, సెలవులు, పన్నుల కాగితాలు అన్నీ చూసేది ఒక్కావిడే. అందరూ ఆవిడని లెక్కలమ్మ అంటారు. చేతిలో పని పడితే చాలు, ఇట్టే తేల్చేస్తుందని పేరు. ఆ పేరంటే ఆవిడకి కాస్త గర్వం కూడా.

పన్నుల సీజను మొదలవగానే లెక్కలమ్మ గోడకో కాగితం అంటించింది. తెలియని లింకులు నొక్కొద్దు, పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దు అని. అంతటితో ఊరుకున్నా బాగుండేది. స్టోరు చూసే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, తన పాస్‌వర్డు చీటీ మీద రాసి సొరుగులో అంటించుకున్నాడు. ఆవిడ ఆ సొరుగుని ఊడలాక్కొచ్చి టీ తాగేవేళ అందరి ముందూ పెట్టింది.

"చూడండి, మనమే తాళంచెవి గుమ్మానికి తగిలించి పెడితే దొంగకిక పనేముంది?"

అందరూ పగలబడి నవ్వారు. చెవులు ఎర్రబడ్డా బాబాయ్ కూడా నవ్వాడు. "ఏం చెయ్యనమ్మా, బుర్రలో నిలవదు" అన్నాడు.

వారం తిరక్కుండానే, మంగళవారం పొద్దున, ఓనరు గారి పేరుతో ఆవిడకో మెయిల్ వచ్చింది. 'ఆడిటర్ దగ్గరున్నాను. స్టాఫ్ అందరి పన్ను కాగితాలూ ఒకే ఫైలు చేసి వెంటనే పంపండి. మీటింగులో ఉన్నా, ఫోన్ చెయ్యకండి.' ఆయన నిజంగానే ఆడిటర్ దగ్గరికి వెళ్ళారు. పైగా ముందురోజే ఏదో కాగితం ఆలస్యమైందని ఆవిడ మీద విసుక్కున్నారు. ఈసారి చూడు నా తడాఖా అనుకుని ఎనిమిది నిమిషాల్లో పంపేసింది. పుట్టినతేదీలు, ఇంటి అడ్రసులు, పన్ను నంబర్లు, బ్యాంకు నంబర్లు, మొత్తం నలభై ముగ్గురివీ. సాయంత్రం ఓనరు గారు తిరిగొచ్చి ఆ ఊసే ఎత్తకపోతే, ఒక్క మెచ్చుకోలు మాటైనా లేదే అని నొచ్చుకుంది కూడా.

శుక్రవారం పాలిషింగ్ సెక్షన్ ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది.

"లెక్కలమ్మా, ఇదేంటో చూడు. రిటర్ను వేద్దామని కూచుంటే నా పేరు మీద ఇప్పటికే వేసేశారంటోంది. రిఫండు వేరే ఖాతాకి అడిగారట. నేనెప్పుడు వేశాను?"

"ఏదో పొరపాటయి ఉంటుంది, చూస్తాలే" అని ఆవిణ్ణి పంపించి, లెక్కలమ్మ మంగళవారం మెయిల్ తెరిచింది. ఓనరు గారి పేరు సరిగ్గానే ఉంది. కింద అడ్రసులో మాత్రం ఒక అక్షరం ఎక్కువుంది. అది ఆయన పంపింది కాదు. లేచి ఓనరు గారి గదికి వెళ్ళాల్సిన మనిషి, తలుపు వంక ఓసారి చూసి, ఆ మెయిల్‌ని, తను పంపిన జవాబుని చెరిపేసింది. ఎందుకు చెరిపిందో ఆవిడకే తెలియదు. చెయ్యి ముందు కదిలింది, బుద్ధి వెనక వచ్చింది.

పాలిషింగ్ ఆవిడ ఓనరు గారికీ చెప్పడంతో, శనివారం ఆయన కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. స్టోరు కంప్యూటర్లోంచి కూడా ఆఫీసు ఫైళ్ళు తెరవొచ్చని తేలింది. ఎవరో సొరుగు సంగతి ఎత్తారు. "ఇంకా పూర్తిగా చూడాలిగానీ, వివరాలు ఇక్కణ్ణించి బయటికి పోయే వీలుంది" అన్నాడతను.

అందరూ బాబాయ్ వంక చూశారు.

"ఆ రోజు అమ్మాయి చెబుతూనే ఉంది" అన్నాడు బాబాయ్, లెక్కలమ్మని చూపిస్తూ. "నేనే చెవిన పెట్టలేదు."

తిట్టినా ఆవిడకి అంత బాధ ఉండేది కాదు.

ఆదివారం భోజనాల దగ్గర, ఆఫీసులో ఇలా జరిగిందని భర్తకి చెప్పింది. తన సంగతి మాత్రం మింగేసింది.

"పాపం, ఆ పెద్దాయనకి ఈ వయసులో ఎంత తలవంపులు" అన్నాడతను. "నువ్వు రోజూ చెబుతూనే ఉండేదానివిగా. నీదేం తప్పులేదు."

సగం అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకుంది.

సోమవారం ఆవిడ ఓనరు గారి గది తలుపు తోసేసరికి బాబాయ్ అక్కడే ఉన్నాడు. స్టోరు తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి, "ఇక నావల్ల కాదు బాబూ" అంటున్నాడు.

"బాబాయ్ తప్పు కాదండీ" అంది లెక్కలమ్మ. "నేనే పంపాను. మీరు అడిగారనుకుని పంపాను. తెలిశాక చెరిపేశాను."

ఓనరు గారు అడిగారు. "ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"మూడు రోజులా!" ఆయన లేచి నిలబడ్డారు. "ఈ మూడు రోజుల్లో ఇంకో ఆరుగురి పేర్ల మీద వేశారు, తెలుసా? శుక్రవారమే చెప్పుంటే వాళ్ళవి ఆపేవాళ్ళం కదమ్మా!"

మోసపోవడం వేరు, దాచడం వేరు. ఆ ఆరుగురూ ఆ క్షణం నుంచీ ఆవిడ నెత్తిన కూచున్నారు.

బాబాయ్ తాళాలు తిరిగి తీసుకున్నాడు. "పోనీలే అనాలనే ఉందమ్మా" అన్నాడు మెల్లగా. "కానీ నిన్న రోజంతా మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయాను. ఇవాళొద్దు. ఇంకోరోజంటాను."

ఆ మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించి, అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు తిట్టారు. ఒకరిద్దరు ఊరుకోమన్నారు. తర్వాత నాలుగు రోజులు ఒక్కొక్కరినీ కూచోబెట్టి పన్ను ఆఫీసుకీ, బ్యాంకుకీ, పోలీసులకీ ఫిర్యాదులు రాయించింది. పాలిషింగ్ ఆవిడ మాత్రం, "నా నంబర్లు నీకు చెప్పను" అని పక్క టేబుల్‌కి వెళ్ళి రాయించుకుంది.

ఓనరు గారు ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఎవరి కాగితాలు బయటికి పంపాలన్నా, అడిగినవాళ్ళకి మనమే ఫోన్ చేసి గొంతు వినాలనీ, పంపేముందు రెండో మనిషి చూడాలనీ పద్ధతి పెట్టారు. "నేను వద్దని రాసినా సరే, ఫోన్ చెయ్యండి" అన్నారు. ఆ రెండో మనిషిగా బాబాయ్‌ని పెట్టమని అడిగింది లెక్కలమ్మే.

రిఫండులు తేలడానికి ఐదు నెలలు పట్టింది. అన్నిటికన్నా ఆఖర్న పాలిషింగ్ ఆవిడకి వచ్చింది. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, "వచ్చిందమ్మా" అంది. లెక్కలమ్మ గబగబా కుర్చీ జరిపింది. ఆవిడ కూచోలేదు. పనుందని వెళ్ళిపోయింది.