పెట్టె తెరవని ఏడాది

నేను శిక్షణ ఇచ్చే తరబేతికి పిలవాల్సిన సైన్సు టీచర్ల జాబితా నా టేబుల్ మీదికొచ్చింది. ఇరవై మూడో పేరు సైలస్ సార్‌ది. తెక్కలకోట దగ్గర తెలుగు మీడియం బడి. పక్క గడిలో ‘ప్రయోగాలు చేయించడంలో వెనకబడినవారు’ అని రాసుంది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చింది.

ఆ మాట రాసింది విద్యాశాఖ అధికారి హరిబాబు గారు. రాయించింది మాత్రం నా థీసిస్. బళ్ళ పేర్లు బయటపెట్టకూడదని రూలు ఉంది కాబట్టి అందులో నంబర్లు వేశాను. “ఆ తక్కువ మార్కులొచ్చిన పన్నెండూ ఏ బళ్ళు మేడమ్?” అని హరిబాబు గారు అడిగితే, టీ తాగుతూ పన్నెండు పేర్లూ గడగడా చెప్పేశాను. ఎవరికీ చెప్పనని ఆ టీచర్లకు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది కూడా నేనే.

నా పేరు వినీల. టీచర్లకు పాఠం చెప్పే టీచర్ని. బళ్ళారి సత్యనారాయణపేటలో మా ఇంటి గేటుకు ‘డాక్టర్’ అని బోర్డుంది. అది చేయించింది మా ఆయన ఆల్విన్. బోర్డు పెట్టిన వారానికే ఒకాయన జ్వరంతో వచ్చి వరండాలో కూర్చున్నాడు. మాత్ర ఇచ్చి పంపాను కానీ, నేను ఆ డాక్టర్ని కాదని చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. నా గుణం మీకు తెలియడం కోసం చెబుతున్నాను.

సైలస్ సార్ మా చర్చిలో సండే స్కూలు మాస్టరు కూడా. శనివారం సాయంత్రం తెక్కలకోటలో బస్సెక్కి బళ్ళారి వస్తారు, ఆదివారం పిల్లలకు చెప్పి వెళ్ళిపోతారు. ఆరేళ్ళప్పుడు నాకు వరసలో నిలబడడం నేర్పింది ఆయనే. ఆయనకు అబద్ధం చేతకాదని మా సంఘంలో అందరికీ ఎగతాళి. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి ఆయన్ని ఎవరూ వెంట తీసుకెళ్ళరు.

మూడేళ్ళ కిందట నా పరిశోధన మొదలైంది. ఇరవై నాలుగు బళ్ళు. పన్నెండు బళ్ళ టీచర్లకు నేను తయారుచేసిన పద్ధతిలో శిక్షణ, ఒక సామాన్ల సంచి, నెలకోసారి నా సలహా. పిల్లలు చేత్తో చేసి చూసి నేర్చుకోవాలన్నదే ఆ పద్ధతి. తక్కిన పన్నెండు బళ్ళలో పాఠం ఎప్పటిలాగే చెప్పాలి. ఏడాది చివర అందరికీ ఒకటే పరీక్ష. రెండు గుంపుల మార్కులకీ తేడా ఎంతో చూస్తే, నా పద్ధతి ఎంత పనిచేసిందో తేలుతుంది. సైలస్ సార్ బడి ‘ఎప్పటిలాగే’ గుంపులోకి వచ్చింది.

తీరా జూన్‌లో అక్కడికి వెళితే, ఆయన ‘ఎప్పటిలాగే’ నా పద్ధతికంటే నాలుగడుగులు ముందుంది. ఎనిమిదో తరగతి గదిలో ఓ మూల రేకు పెట్టె. అందులో ఆస్పత్రి సెలైన్ గొట్టాలు, పగిలిన కళ్ళజోళ్ళ అద్దాలు, పాత రేడియో స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం. ఆ అయస్కాంతానికి దారం కట్టి పిల్లలు రోడ్డు పక్క దుమ్ములో ఈడ్చుకుంటూ పోతారు. నల్లటి ఇనప పొడి మీసాల్లా అంటుకుంటుంది. ఎవరి మీసాలు పొడుగ్గా వస్తే వాళ్ళు గెలిచినట్టు. అది చూసి నేను ఫోటో తీసుకున్నాను.

ఆ బడిని జాబితాలోంచి తీసేయడం న్యాయం. ఎప్పటిలాగే చెప్పే బడి అంటే ప్రయోగాలు లేని బడి అని నా కాగితాల్లో రాసుకున్నాను. ఇది అలాంటి బడి కాదు. కానీ తెలుగు మీడియం బళ్ళు మన జిల్లాలో ఎన్నని ఉన్నాయి? ఒకటి తీసేస్తే ఇంకొకటి వెతకాలి, మళ్ళీ అనుమతి, మళ్ళీ ఏడాది. నాకు అంత ఓపిక లేదు. అందుకని పన్నెండు బళ్ళలోనూ చెబుతూ వచ్చిన మాటే ఆయనకూ చెప్పాను.

“సార్, ఈ ఒక్క ఏడు ఈ పెట్టె తెరవద్దండి. పుస్తకం, బోర్డు, అంతే.”

“ఏందమ్మా, చేసేదాన్ని ఆపాల్నా?”

“రెండు రకాలూ పోల్చాల కదా సార్. మీరూ చేయిస్తే నా లెక్క చెడిపోతాది.”

ఆయన కాసేపు పెట్టె వంక చూశారు. “నీ చదువు కోసరం అడుగుతాండావు. సరే, మాటిస్తాండా పో,” అన్నారు.

ఆయన ఆ మాట నిలబెట్టుకుంటారని నేననుకోలేదు. పైనుంచి వచ్చినవాళ్ళు ఏం చెప్పినా మా టీచర్లు “హౌదు మేడమ్, సరే” అంటారు. జీపు మలుపు తిరగ్గానే తమకు తోచింది చేసుకుంటారు. మా శాఖ అంతా ఆ అలవాటు మీదే నడుస్తోంది. సైలస్ సార్‌ని కూడా అదే గాటన కట్టి వచ్చేశాను.

మార్చిలో పరీక్ష పెట్టడానికి మళ్ళీ వెళ్ళాను. పెట్టెకు తాళం. తాళం మీద దుమ్ము. ప్రశ్నపత్రాలు పంచుతుంటే ముందు వరసలోని రక్షిత అనే పాప లేచి నిలబడింది.

“మేడమ్, మీరు పోయినాక పెట్టె తెరుస్తామని సార్ చెప్పినారు. మీరు ఈ పొద్దే పోతారా?”

నేను నవ్వి, కూర్చోమన్నాను. ఆ క్లాసు సగటు నలభైకి పదకొండు. ఇరవై నాలుగు బళ్ళలోకీ అదే అడుగు. ప్రయోగం గురించి అడిగిన ప్రశ్నల దగ్గర పిల్లలు కాగితం తెల్లగా వదిలేశారు.

నాకు ఆ రోజే తెలిసిపోయింది. ఆ పదకొండు పాత పద్ధతి తెచ్చిన మార్కు కాదు, నేను చేతులు కట్టేసిన టీచరు తెచ్చిన మార్కు. ఆ బడి లెక్క కొట్టేయొచ్చు. నా పరిశోధన గైడుకు ఫోన్ చేసి జరిగింది చెప్పొచ్చు. నేను తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తేడా ఎంత బాగా వచ్చిందో అని సంతోషించాను. అంత పాపిష్టి సంతోషం నా జన్మలో ఇంకెప్పుడూ పడలేదు.

డాక్టరేటు వచ్చిన ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నాకు అడుగడుగునా తోడున్నాడని చెప్పాను. మూడో బెంచీలోంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సైలస్ సారే. ఆయన మొహంలోకి చూడలేక పాటల పుస్తకంలోకి చూశాను.

అలాంటి మనిషి ఇప్పుడు ఈ తరబేతిలో నా దగ్గర ప్రయోగాలు నేర్చుకోవడానికి వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నారు. యాభై ఏడేళ్ళు. కొత్త నోటుపుస్తకం, దాని మీద పేరు, బడి పేరు గుండ్రంగా రాసుకున్నారు. నలుగురిలో కాబట్టి నన్ను ‘మేడమ్’ అని పిలిచారు. ఆ పిలుపు నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఉదయం నాలుగో ప్రయోగం దగ్గరికి వచ్చాం. అయస్కాంతం, దారం, దుమ్ము. అవును, అదే. ఫోటో తీసుకున్నదాన్ని నా శిక్షణ పుస్తకంలో అచ్చేయించి, సంచిలో పెట్టి పన్నెండు బళ్ళకు పంచాను. ఆయన పిల్లలకు మాత్రం వద్దన్నాను.

“ఎంత బాగుండాది మేడమ్! మీకెట్ల తట్టింది?” అంది జాయ్స్. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల.

“అట్లా, బళ్ళు తిరిగేటప్పుడు...” అని నసిగాను.

సైలస్ సార్ తల ఎత్తలేదు. ‘ప్రయోగం 4’ అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీస్తున్నారు.

టీ విరామంలో ఆయన్ని మెట్ల కిందికి పిలిచాను. “సార్, నన్ను క్షమించండి,” అన్నాను.

“దేనికమ్మా?”

“పెట్టె మూయించినందుకు. అంతా తెలిసి కూడా ఆ మార్కులు రాసినందుకు.”

ఆయన గ్లాసు కిందపెట్టారు. “మూసింది నేనే కదమ్మా. నువ్వు చెప్పినావు, నేను ఊఁ అంటిని. రక్షిత గుర్తుండాదా నీకు? పెట్టె ఎప్పుడు తెరుస్తారు సార్ అని వారం వారం అడుగుతాండె. నీ పరీక్ష అయిపోయినాక తెరుస్తానంటిని. మర్నాటి నుంచే పెద్ద పరీక్షలు. అప్పుడు వచ్చే ఏడు చూద్దామంటిని. ఎనిమిదితో మా బడి అయిపోతాది. నాకూ తెలుసు, ఆ పాపకూ తెలుసు. నేను పిల్లోళ్ళకు చెప్పిన అబద్ధం అదొక్కటే.”

“ఇప్పుడేం చదువుతాండాది సార్?”

“పీయూసీ ఆర్ట్సు. సైన్సు యాల తీసుకోలేదమ్మా అంటే, బట్టీ కొట్టేది నాతో కాదు సార్ అనింది.” నా గ్లాసు వైపు చూపించి, “టీ తాగమ్మా, చల్లారిపోతాంది,” అన్నారు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. గైడు, గడువు, రూలు, ఇంకా ఏవేవో. వాటిలో ఒక్కటీ రక్షిత ముందు చెప్పగలిగింది కాదు.

సాయంత్రం హరిబాబు గారు వచ్చారు. వచ్చే జూన్ నుంచి నాలుగు తాలూకాల్లో నా పద్ధతే పెడుతున్నామని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు హుషారెక్కింది.

“మేడమ్ పరిశోధనలో ఆ వెనకబడిన పన్నెండు బళ్ళుండాయి కదా, ఆ టీచర్లు జరా లేచి నిలబడండప్పా. సిగ్గుపడొద్దు. నేర్చుకుంటే మీరూ ముందుకొస్తారు.”

కుర్చీలు కిర్రుమన్నాయి. పన్నెండుమంది లేచారు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సైలస్ సార్ బల్ల పట్టుకుని లేచి, నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. నలభై మంది ముందు, నేను చేయించిన తప్పుకు ఆయన తల దించుకుని ఉన్నారు. నేను అది చూస్తూ కూర్చోలేకపోయాను. మైకు అడిగి తీసుకున్నాను.

“సైలస్ సార్ బడికి పదకొండు మార్కులొచ్చింది నా వల్ల,” అన్నాను. “ఆయన నాకంటే బాగా ప్రయోగాలు చేయించేవారు. పొద్దున మీరు మెచ్చుకున్న నాలుగో ప్రయోగం ఆయనది. ఏడాది పాటు ఆపమని నేనే అడిగినాను. ఆపినారని తెలిసి కూడా ఆ మార్కులు నా థీసిస్‌లో వేసుకున్నాను.”

“మేడమ్‌ది పెద్ద మనసప్పా!” అని హరిబాబు గారు నవ్వబోయారు.

“పెద్ద మనసు కాదు సార్, దొంగతనం. వాళ్ళని నిలబెట్టాల్సిన పని లేదు. యూనివర్సిటీకి రేపు నేను రాసి పంపుతాను.”

గేటు మీది బోర్డు పోతే పోనీ అనుకున్నాను. చెప్పేశాను కదా అని గుండె తేలికపడింది. ఆ కాస్త హాయి కోసం సైలస్ సార్ వైపు చూశాను. ఆయన నవ్వలేదు. చెయ్యెత్తారు.

“మేడమ్, నాది పెట్టె కాబట్టి మీ కంట్లో పడింది. తక్కినోళ్ళని అడిగినారా?”

అడగలేదు. పన్నెండు చోట్లా ఒకటే మాట చెప్పి వచ్చాను. ఆ మాటకు ఎక్కడ ఏం ఆగిపోయిందో ఒక్క చోటా అడగలేదు.

కుడతిని వైపునుంచి వచ్చిన పంపాపతి గొంతు సవరించుకున్నాడు. “నేను డబ్బాల్లో మొలకలు పెట్టిస్తాంటి మేడమ్. మీరు చెప్పినారని ఆ ఏడు పెట్టలేదు.”

“నేను పిల్లోళ్ళని కాలవ కాడికి తీసకపోతాంటి,” అంది హొన్నమ్మ టీచరు. “మానేస్తిని. మళ్ళా ఆ అలవాటే తప్పిపాయ.”

హరిబాబు గారు మైకు కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

“నా మాట విని ఏమీ ఆపనోళ్ళు కూర్చోండి,” అన్నాను.

ఇద్దరు కూర్చున్నారు. ఇంకెవరూ కూర్చోలేదు.