థర్మోస్టాట్ ఉందన్నాను

నాకు నోటి దురుసెక్కువ. మా మెకానిక్ షెడ్డుకొచ్చే వాళ్లందరికీ తెలుసు. అసలు అనాల్సిన ఒక్క మాట దగ్గర మాత్రం ఆ నోరు పెగల్లేదు.

పని నేర్పింది మా అన్నయ్యే. పన్నెండేళ్ల క్రితం పాత కారొకటి కొని, ఇంజన్ మొత్తం విప్పి, మళ్లీ తన చేత్తోనే బిగించాడు. రెండు వారాలు ముద్దొచ్చేలా తిరిగింది. ఆ తర్వాత ఎత్తు రోడ్డెక్కితే చాలు, నీళ్లు మరిగి బుసబుసా పొగలు. రేడియేటర్ మార్చాడు, పంపు మార్చాడు, ఏడాదిపాటు కుస్తీ పట్టాడు. చివరికి "నా చెయ్యి పోయిందిరా" అని పానాలన్నీ తుడిచి డబ్బాలో పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

ఈమధ్య వదిన కబురు పెట్టింది. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. మంచం మీద అన్నయ్య చిక్కి సగమయ్యాడు.

"ఆ ఇంజన్‌లో నేనెక్కడ తప్పు చేశానో చూసి చెప్పరా. అది తెలియకుండా పోతే నాకు మనశ్శాంతుండదు," అన్నాడు.

"పెళ్లికెళ్తున్నట్టు పోతా పోతా అంటావేంటి? చూస్తాలే," అని కసిరాను. నాకు ఏడుపొచ్చినా కోపంలాగే వస్తుంది.

షెడ్డు మూలన పడున్న ఆ కారును కదిలేలా చేసి, రెండు రోజులు వెతికాను. ఫ్యాన్ బాగుంది, బెల్టు బిగువుగా ఉంది, ఎక్కడా కారడం లేదు. మూడో రోజు ఇంజన్ తల మీది గొట్టం విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ లేదు.

ఎందుకుంటుంది? పీకింది నేనే! నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే చిన్న మూత అది. ఎండాకాలం దాన్ని పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని మా పనివాళ్లందరి నమ్మకం. అన్నయ్య వద్దన్నాడు. ఆయన లేనప్పుడు తీసి పారేశాను. బండి మరిగినప్పుడు "థర్మోస్టాట్ చూడరా" అంటే, తిడతాడని "చూశా, ఉంది, బాగానే ఉంది" అన్నాను. తమ్ముడి మాట కదా, ఆయన విప్పి చూడలేదు. అది లేకపోతే చల్లగానే ఉంటుందన్న ధీమాతో నేనూ ఆ సంగతి మర్చేపోయాను. మిగతా బళ్లకు పనికొచ్చిన కిటుకు ఈ బండి కొంప ముంచింది. ఇందులో వేడెక్కాక పక్కగొట్టాన్ని మూసేదీ ఆ మూతే, అది లేకపోతే ఆ గొట్టం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. సగం నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండా వేడివేడిగా మళ్లీ ఇంజన్‌లోకే పోతాయి.

కొత్తది పెట్టి, అన్నయ్యను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని ఎత్తు రోడ్డెక్కించాను. వేడి చూపే ముల్లు సగం దగ్గరే ఆగింది. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి.

"తప్పెక్కడరా?"

మాట నోటి దాకా వచ్చింది. "చిన్నదే అన్నయ్యా. నీళ్ల దారిలో ఏదో అడ్డం," అన్నాను.

"ఏడాది చూశాను, నాకు తోచలేదు చూడు." నవ్వాడు. "నాకన్నా నీ చెయ్యే మంచిదిరా."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

ఆ ఆదివారమే ఆయన పోయాడు. నెల తిరక్కుండా వదిన ముందు కూర్చుని అంతా కక్కేశాను. "చెప్పు తీసుకుని కొట్టు వదినా," అన్నాను.

వదిన కొట్టలేదు, తిట్టలేదు.

"పని మానేసి ఇంట్లో కూర్చుంటే, చేతకానివాడివని నేనూ దెప్పానయ్యా," అంది. "ఒకరోజు కాదు, పదకొండేళ్లు. ఇప్పుడు నేనెవరి దగ్గరికెళ్లి చెప్పుకోను?"