అమ్మడి బరువు

అతను ముసలి గుర్రం అమ్మడి పక్కన నిలబడి, చలికాలపు బొచ్చులోకి వేళ్లు దూర్చి పక్కటెముకల కోసం తడిమాడు. ఏమీ తెలియలేదు. చక్కెర జబ్బు వేలికొసల్ని మొద్దుబార్చి ఏడాది కావస్తోంది.

గుర్రపుస్వారీ నేర్పే ఆ ఆవరణలో అందరూ అతన్ని కాటా మావయ్య అంటారు. చెయ్యి వేసి గుర్రం చిక్కిందో, ఒళ్లు చేసిందో చెప్పేవాడు మరి. ఆ పిలుపు వింటే లోలోపల పొంగిపోతాడు, పైకి మాత్రం విననట్టే ఉంటాడు. వానలకి లేతగడ్డి మొలవగానే అమ్మడు ఆబగా మేసేది, బలవకుండా మూతికి చిక్కం కట్టేవాడు. గడ్డి ఎండగానే చిక్కం విప్పేవాడు. చలిలో, అరిగిన పళ్లతో నమల్లేదని ఎండుగడ్డి నానబెట్టి తవుడు కలిపేవాడు. ముసలి గుర్రాలు ఎముకల గూళ్లై పోవడం చాలా చూశాడు. ఇది మాత్రం అలా పోకూడదు. అతని పంతమంతా అదొక్కటే.

ఈ చలికాలం మొదట్లో పప్పులో కాలేశాడు. బొచ్చు గుబురుగా పెరిగి గుర్రం బొద్దుగా కనబడింది, వేళ్లకి ఎముక తగల్లేదు. బలిసిందనుకుని మేత తగ్గించాడు. క్యారేజీ తెచ్చిన భార్య ఊరికే దాన్ని నిమిరి, "ఇదేంటి, లోపలన్నీ ఎముకలేగా!" అంది. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. అప్పట్నుంచీ ఆమె చెయ్యే అతని చెయ్యి.

ఇవాళ కూడా ఆమె క్యారేజీ గట్టుమీద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుని బొచ్చులోకి వేళ్లు పోనిచ్చింది.

"ఎముక తగుల్తోందా?"

"తగుల్తోంది."

"ఊరికేనా, నొక్కితేనా?"

"నొక్కితేనే. పెళ్లయ్యాక నేను చిక్కానో లావయ్యానో ఒక్కసారైనా అడిగావా నువ్వు?"

"నీకు నోరుందిగా, చెప్పుకుంటావు."

"చెబితే విన్నదెప్పుడు?"

అతను పకపకా నవ్వాడు. నొక్కితే తగలాలి, చూస్తే కనబడకూడదు. సరిగ్గా అలాగే ఉంది. అటుగా వెళ్తున్న యజమానురాలిని ఆపి మరీ చెప్పాడు: "చూడండమ్మా, చలి గట్టెక్కేసింది మన పిల్ల!"

మధ్యాహ్నం అమ్మడు గిన్నె అడుగుదాకా నాకి, ఎండలో ఒరిగి పడుకుంది. అతను గిన్నె కడిగి వచ్చేసరికి దాని కంటిమీద ఈగ వాలి ఉంది. రెప్ప కదల్లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి తగల్లేదు. తన చేతిని నమ్మలేక భార్యని కేకేశాడు. ఆమె వచ్చి చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచి, తల అడ్డంగా ఊపింది. అతను దాని మెడమీద తల ఆనించి ఏడ్చాడు.

సాయంత్రం లారీ వచ్చింది. మనుషులు తాళ్లు వేసి లాగారు, ఆగారు, మళ్లీ లాగారు. ఒకడు రొప్పుతూ చెమట తుడుచుకున్నాడు.

"ముసల్దన్నారు కదా పెద్దాయనా, ఇంత బరువేంటి?"

అతను ముఖం తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఉండదూ మరి!" అన్నాడు, ఆవరణంతా వినబడేలా.

లారీ వెళ్లిపోయింది. సామాన్ల గదిలో మేకుకి అమ్మడి పొట్టకింద బిగించే జీను పట్టీ వేలాడుతోంది: దాని చిల్లుల్లో నడిమిది ఒక్కటే బకిల్ ముల్లుకి అరిగి కోలగా సాగింది, అటూ ఇటూ ఉన్నవన్నీ కొత్తవాటిలా గుండ్రంగానే ఉన్నాయి.