చిల్లుల కుండ

కుండ వెచ్చగా ఉంది.

చెయ్యి పెడితే, జ్వరమొచ్చిన బిడ్డ కడుపులా... వెచ్చగా.

ధర్మవరంలో అద్దె ఇల్లు. ఉన్న ఒక్క గదినీ మగ్గం మింగేసింది. మిగిలింది గడప పక్కన మూరెడు చోటు. అక్కడే చౌడక్క చిల్లుల కుండ. వంకాయ తొడిమలు, ఉల్లిపొట్టు, టీ పిప్పి, పైన గుప్పెడు బూడిద. వేసిందల్లా మన్నవుతుంది. నల్లగా, మెత్తగా, వాన వాసనతో.

"పాత పసుపుతాడు యాడబడితే ఆడ పారేయకూడదు మే. చెట్టు మొదట్లో ఏయల్ల," అంటుంది అత్త నారాయణమ్మ.

"ఈడ చెట్టు యాడుండాది అత్తా? కుండే ఉండాది."

"దాంట్లోనే ఏయి. నీ కుండకేం, రాళ్లేసినా అరిగించుకుంటాది!"

తాడు మార్చేది ఎవరి కంటా పడకూడదు. పోయిన శుక్రవారం తెల్లవారకముందే, చీకట్లో తడుముకుంటూ మార్చింది. పుస్తెలు కొత్త తాడుకు ఎక్కించాననుకుని, పాతది కుండలో వేసింది.

ఆ వారమంతా మగ్గానికి పట్టునూలు కండెలు చుట్టడమే. మెడ చూసుకునే తీరికెక్కడ?

ఈ శుక్రవారం స్నానం చేస్తూ తడుముకుంటే — పుస్తె ఒక్కటే. మెట్టినింటిది.

పుట్టింటిది? అమ్మ పెట్టింది?

కుండ బోర్లించింది. రెండు చేతులా కెలికింది. తొడిమలు లేవు. పొట్టు లేదు. సగం మన్నయిన తాడు... దాని కొసన, పసుపు ముద్దలో, పుస్తె.

దొరికింది!

కడిగింది. చిలుము.

ఇంకా కడిగింది. ఇంకా చిలుము. దాని కింద ఎర్రగా రాగి.

బంగారానికి చిలుము పట్టదు... పట్టదు కదా?

చిన్నప్పుడు కూతురు రాధ పాలపళ్ళతో కొరికిన నొక్కు కోసం వేలితో తడిమింది. లేదు. పసుపు పూత కింద ఇన్నాళ్ళూ వెతకని నొక్కు.

ఒక్కసారే ఆ పుస్తెలు ఆమె చెయ్యి దాటాయి. మూడేళ్ళ కిందట, తన ఆపరేషన్ రోజు. మెడలో పసుపుకొమ్ము కట్టుకుని, వాటిని మొగుడి చేతిలో పెట్టింది. పోతులయ్య తువ్వాలు కొసన ముడేసుకున్నాడు.

"బద్రం."

"నా పానం మాదిరి చూసుకుంటా మే."

లోపల మగ్గం ఆడుతోంది. టక్... టక్...

గడపలో నిలబడి అరచెయ్యి చాపింది.

"ఏమయ్యా... ఇది మా యమ్మ పెట్టింది కాదు."

మగ్గం ఆగింది.

పోతులయ్య మగ్గం గుంతలోంచి తలెత్తలేదు.

గడప పక్కనే ఉన్న అత్త ఆ అరచేతి వైపు చూడనే లేదు. ఏమిటని అడగనూ లేదు. గబగబా వంగి, మన్ను కుండలోకి ఎత్తసాగింది. "ఎండిపోతాది మే... ఎండిపోతాది..."

అత్తకూ... తెలుసా?

చౌడక్క కుండ మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది. ఇంకా... వెచ్చగానే.