వాలుగీత, దాని కింద సున్న

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్లైన నెలకే తేల్చేసింది, ఒప్పుకోవడానికి నాకు ముప్ఫై రెండేళ్లు పట్టింది. అయినా ఇరవై ఎనిమిదేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసినవాడికి అనుమానం లేకపోతే ఆ ఉద్యోగం ఎందుకు? పెట్టెలో అడుగు పెట్టగానే ఎవరి దగ్గర టికెట్ లేదో మొహాలు చూసి చెప్పేవాణ్ణి. నిద్ర నటించేవాడు, ఉన్నట్టుండి పిల్లాడి మీద కోప్పడే తండ్రి, నన్ను చూసి కిటికీ వైపు మొహం తిప్పేసేవాడు. ఈ ముగ్గురిలో కిటికీవాడి మీదే నాకు అనుమానం ఎక్కువ.

రిటైరయ్యాక ఉప్పు డబ్బా మూత ఎవరు తీశారు, పేపరు మడత ఎవరు మార్చారు అని ఇంట్లో విచారణలు మొదలుపెట్టాను. రెండు నెలలు ఓర్చుకుని మా ఆవిడ చేతులు జోడించింది. "మీకు పుణ్యముంటుందండీ, ఎక్కడైనా చేరండి. ఉన్నదే ఇద్దరం. రోజూ నన్నొక్కదాన్నే పట్టుకుంటే ఎలా?" అంది.

అలా యూనివర్సిటీలో ఆధునిక అంతర్జాతీయ చరిత్ర కోర్సులో చేరాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా క్లాసు. మేం మొత్తం పదకొండు మందిమి. మిగతా పదిమందీ మా అమ్మాయి కంటే చిన్నవాళ్లు. నన్ను టీసీ బాబాయ్ అని పిలిచేవాళ్లు. సార్‌కి కూడా నలభై దాటలేదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉంటుంది. మొదటి రోజే ఎవరో రాయబారి రాసిన పాత ఉత్తరం నకలు మా చేతికిచ్చి, "దీన్ని నమ్మకండి" అన్నారాయన. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఎందుకు, ఏం దాచారు? కాగితం ఏదైనా ఈ ఐదు ప్రశ్నలూ అడగాలట. నేను రైల్లో చేసిన పనే ఇది, కాకపోతే ఇక్కడ దానికి డిగ్రీ ఇస్తారు.

సెమినార్‌లో నా వంతు వచ్చినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి ఒప్పందం తీసుకున్నాను. యుద్ధానికి బాధ్యత మాదే అని ఓడిన దేశం చేత సంతకం పెట్టించారు కదా, ఆ భాగం. సముద్రం మీద దారులు మూసేసి, గడువు పెట్టి, బల్ల ముందు నిలబెట్టి పెట్టించిన సంతకం అది. "అది నేరానికి రుజువు కాదు, ఒత్తిడికి రుజువు" అని ముగించాను. చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి మాత్రం చెయ్యెత్తింది. "మరి బాబాయ్, వాళ్లు సంతకం పెట్టకుండా ఉండాల్సిందంటారా?"

"పెట్టకపోతే గొడవ ఎప్పటికి ఆగుతుందమ్మా?" అన్నాను. ఆమె ఏదో రాసుకుంది.

ఆ అమ్మాయి వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. అసలు కూర్చోవడమే కిటికీ వైపు తిరిగి కూర్చునేది. సార్ ఇటు పాఠం చెబుతుంటే ఆమె మొహం అటు చెట్ల మీద ఉండేది. అందరం టీకి వెళితే రాదు. ఎవరైనా పక్క నుంచి పలకరిస్తే వినపడనట్టు పోయేది. మనసులో నేనామెకి కిటికీ అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు పెట్టినప్పుడే సగం తీర్పు రాసేశానని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆఖరి నెలలో ఆఫీసు గుమాస్తా వచ్చి ఫారాలు పంచాడు. పైన 'విద్యార్థుల అనుభవాలు' అని లావు అక్షరాలు, దాని కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఏవో సూచనలు. కళ్లద్దాలు సంచీలో ఉన్నాయి. పిల్లల ముందు అవి పెట్టుకోవడం నాకు నామోషీ. ప్రశ్నలు కాస్త పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఐదు గళ్లు. తొమ్మిదింటికి తొమ్మిదీ సార్‌కి ఫస్ట్ క్లాస్ ఇచ్చేసి, అందరికంటే ముందు మడిచి డబ్బాలో వేశాను. పేరు రాయక్కర్లేదన్నారు. రాయమన్నా సంతోషంగా రాసేవాణ్ణి.

పది రోజుల తర్వాత సార్ పాఠం మొదలుపెట్టకుండా కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చోగా మేమెప్పుడూ చూడలేదు.

"వచ్చే ఏడాది నేనుండకపోవచ్చు. మీ ఫారాల సగటు ఆఫీసు పెట్టిన గీత కంటే కొంచెం తగ్గిందట. ఒకరు అన్ని ప్రశ్నలకీ అట్టడుగు మార్కే వేశారు. వాళ్లకి ఆ హక్కుంది. ఎవరని వెతక్కండి" అన్నారు.

వెతక్కండి అంటే ఊరుకుంటామా? క్లాసవగానే మాలో ఒక మీసాలబ్బాయి మెట్ల దగ్గర నోటు పుస్తకం తెరిచాడు. పదకొండు పేర్లు రాసి, ఎవరి వ్యాసానికి సార్ తక్కువ మార్కులు వేశారో, ఎవరు ఆలస్యంగా వచ్చి మాట పడ్డారో పక్కన రాశాడు. ఆ ఐదు ప్రశ్నలూ ఒకరి మీద ఒకరం వేసుకున్నాం. రెండు రోజుల్లో క్లాసు క్లాసులా లేదు. పక్కవాడికి పెన్ను ఇవ్వాలన్నా ఆలోచన. టీ దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటూ మూడోవాణ్ణి చూసి ఆపేసేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకు హుషారుగా ఉంది. మళ్లీ డ్యూటీలోకి ఎక్కినట్టుంది.

"నీ పుస్తకం మూసెయ్యరా అబ్బాయ్. వెనక బెంచీ. కిటికీ" అన్నాను.

మంచినీళ్ల కుళాయి దగ్గర ఆమెని ఆపాను. నలుగురు చుట్టూ చేరారు. పక్క నుంచి, "నువ్వే కదా" అన్నాను. ఆమె పలకలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. అప్పుడు మొహం ఇటు తిప్పి, "ఏంటి బాబాయ్?" అంది. ఆ తెలియనట్టు అడగడం నాకు బాగా తెలిసిందే.

"సార్ ఉద్యోగం ఊడగొట్టింది నువ్వే కదా అంటున్నాను."

"నేను కాదు."

"ఇరవై ఎనిమిదేళ్లు చూశానమ్మా ఇలాంటి మొహాలు. నన్ను మోసం చెయ్యలేవు."

ఆమె చేతిలో సీసా నిండి నీళ్లు పొంగి చెప్పుల మీద పడుతున్నాయి. కుళాయి కట్టెయ్యలేదు. నా వైపే కాసేపు చూసి వెళ్లిపోయింది. తర్వాత రెండు క్లాసులకి రాలేదు. "చూశారా?" అన్నాను అందరితో. రాకపోవడం కూడా నాకు సాక్ష్యమే అయింది.

ఆ శుక్రవారం పొద్దున్న మా ఆవిడ పన్నుకి సిమెంటు పెట్టించడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాం. పని నొప్పి లేకుండా చేశాడు. బయటికొచ్చాక కౌంటరమ్మాయి ఒక ఫారం ఇచ్చింది, సేవలు ఎలా ఉన్నాయో చెప్పమని. నేను చకచకా గీతలు గీస్తుంటే మా ఆవిడ వాచిన బుగ్గ పట్టుకుని తొంగి చూసింది.

"ఇదేంటండీ? డాక్టరు బంగారం అన్నారు, అన్నీ ఒకట్లు గీకారు?"

"బంగారం కాబట్టే. ఒకటంటే ఫస్ట్ క్లాసే."

"ఇది రైలా? ఇక్కడ ఐదు మంచిది, ఒకటి చెడ్డది. కింద రాసుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి."

పెట్టుకుని చూశాను. ఒకటి: చాలా అసంతృప్తి. రెండు: అసంతృప్తి. అక్కడి నుంచి ముందుకి చదవలేకపోయాను. యూనివర్సిటీ ఫారంలోనూ తొమ్మిదింటికీ ఒకటే గీశానని గుర్తొచ్చి అక్కడే కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ కంగారుపడి, "పన్ను నాది కదా, మీకేమైంది?" అంటోంది. నేను ఆ డాక్టరు ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆవిడని ఆటో ఎక్కించి, నేరుగా యూనివర్సిటీకి వెళ్లాను.

డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ నా మాట మొత్తం విన్నారు. విని కాసేపు నన్నే చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు, కాకపోతే ఇన్నాళ్లూ అది నా వైపు నుంచి వెళ్లేది.

"మీకు మీ సార్ మీద అభిమానం ఉందని తెలుసు. కానీ ఇలా రోజుకొకరు వచ్చి ఆ ఫారం నాదే అంటే నేనేం చెయ్యాలి?"

"రోజుకొకరా?"

ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. పొందికైన చేతిరాత. 'ఆ ఫారం నాది. కోపంలో అలా వేశాను. సార్ బోధనలో ఏ లోపమూ లేదు. దయచేసి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.' కింద కిటికీ సంతకం. నేను కుళాయి దగ్గర ఆమెని నిలబెట్టిన మర్నాటి తేదీ.

చెయ్యని తప్పు ఆ పిల్ల తన మీద వేసుకుంది. చేసినవాణ్ణి నేను ఎదురుగా నిలబడి చెబుతుంటే నమ్మేవాళ్లు లేరు.

"మేడమ్, ఆ ఫారం ఒక్కసారి బయటికి తియ్యండి. నాకు చూపించకండి. మీరే చూడండి" అన్నాను.

ఆవిడ తీశారు. నేను ఆవిడ బల్ల మీది పాత కవరు తీసుకుని దాని వెనక గుర్తు పెట్టాను. పై నుంచి కిందికి వాలుగా ఒక గీత, దాని కింద చిన్న సున్న. టికెట్ చూశానని పెట్టే గుర్తు. మా డివిజన్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, ఎవరు చూసిన టికెట్టో దాన్ని బట్టి తెలిసిపోయేది. పెన్ను పట్టుకుంటే నా చేతికి ఇంకో రకం గుర్తు రాదు. జేబులోంచి డాక్టరు ఫారం కూడా తీసి పక్కన పరిచాను.

మేడమ్ మూడు కాగితాలనీ మార్చి మార్చి చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తొమ్మిది సున్నలు. ఇదేం గుర్తా అని ఆ రోజే అనుకున్నాను" అన్నారు.

"ఇంక సార్‌కి ఇబ్బంది లేదు కదండీ?"

"జరిగింది మీరు రాసివ్వండి, ఆ ఫారం పక్కన పెట్టిస్తాను. అది తీసేస్తే సగటు గీత దాటుతుంది. కానీ ఒకే ఫారానికి ఇద్దరు ఒప్పుకుంటే పొడిగింపు తేల్చే కమిటీ ఇద్దరినీ నమ్మదు. ఆ అమ్మాయి తన కాగితం వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వాలి. రేపు పదకొండింటికి కమిటీ."

ఆమె పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేస్తుందని మీసాలబ్బాయి చెప్పాడు. ఇన్నాళ్లూ ఒక్కరోజైనా ఆమె ఏం చేస్తుందని నేను అడగలేదు. షాపంతా జిగురు వాసన. ఆమె బల్ల ముందు నిలబడి, మడిచిన కాగితాల కట్టలకి దారం వేసి కుడుతోంది. గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచాను. తిరగలేదు. పక్క బల్ల దగ్గరి పెద్దాయన, "ఆ వైపు నుంచి పిలిస్తే వినపడదండీ. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. ఇటు రండి" అన్నాడు.

కుడి చెవి సార్ వైపు పెట్టాలంటే మొహం కిటికీ వైపే ఉంటుంది. ఇంతే సంగతి. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవానికి ఇంత సంగతి తట్టలేదు.

అటు వెళ్లి నిలబడి అంతా చెప్పాను. ఒకట్లు, ఐదులు, ఆవిడ పన్ను, మేడమ్, సున్నలు, రేపటి కమిటీకి కావలసిన కాగితం. ఆమె సూది ఆపలేదు. పన్ను దగ్గర మాత్రం పెదవి కాస్త కదిలింది. చివరికి దారం కొరికి ముడేసింది.

"చెయ్యని తప్పు ఎందుకమ్మా ఒప్పుకున్నావు?"

"మీరే చెప్పారు కదా బాబాయ్, సంతకం పెట్టకపోతే గొడవ ఎప్పటికి ఆగుతుందని. సార్ ఉద్యోగమైనా నిలబడుతుందనుకున్నాను. నేనెలాగూ మానేద్దామనుకున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ నా రైలే ఎక్కాను.

"రైల్లో ఎవరి మీద ఎంత అనుమానం వచ్చినా ముందు టికెట్ అడిగేవాణ్ణమ్మా. చూడకుండా ఎవరినీ దింపలేదు. ఒక్కణ్ణి కూడా."

"నన్ను దింపేశారు" అంది, మామూలుగానే.

ఆమె చేతులు తుడుచుకుని ఒక తెల్ల కాగితం తీసుకుంది. నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, మడిచి ఇచ్చింది. "సోమవారం క్లాసుకి వస్తాను" అంది. ఈ పిల్ల రాసినదాన్ని నేను తనిఖీ చెయ్యడమేమిటి అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక కాగితాన్ని విప్పకుండా జేబులో పెట్టుకుని గుమ్మం వైపు కదిలాను.

"బాబాయ్" అని వెనక నుంచి పిలిచింది. "చదవండి. చదవకుండానే కదా ఇంత జరిగింది."

సంచీలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. ఆమె ఎదురుగా నిలబడి, తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టి చదివాను.